ఏం పీకినవ్ సార్?

ఆయన పేరు నాకు ఆయన చనిపోయాకే తెలిసింది. అమీర్‌పేటలో ఒక కాంప్లెక్సు సెల్లారులోకి దిగే మెట్ల దగ్గర కట్టిన ఫ్లెక్సీలో చదివాను. దండ వేసిన ఫొటో, పక్కన పేరు, చుట్టూ ఆయన ఆత్మకు శాంతి కోరుతున్న వాళ్ళ ఫొటోలు. కోరేవాళ్ళలో ఇద్దరు ఆయనకంటే పెద్ద సైజులో నవ్వుతున్నారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఫ్లెక్సీ చూసి రాస్తే పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినట్టుంటుంది.

అప్పటికి నా చంకలో ఒక పాత సీపీయూ ఉంది. దాని ప్రాణం పోయింది, పోస్తాడని మోసుకొచ్చాను. తీరా చూస్తే పోసేవాడే పోయాడు. మెట్ల మీద అలాగే నిలబడిపోయాను.

ఆ సెల్లారులో ఆయనది పాత కంప్యూటర్లు బాగుచేసే కొట్టు. పైన నాలుగంతస్తుల్లోనూ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్లే. మెట్రో దిగిన దగ్గర్నుంచి చేతికి కరపత్రాలిస్తూ పిల్లల్ని పైకి పంపుతుంటారు. కిందికి మాత్రం ఎవరూ పంపరు, దారి తప్పినవాళ్ళే దిగాలి. ఆయనకి ఆ విషయంలో గర్వం ఉండేది. "పైన చెప్తరు సార్. కింద చేస్తం," అనేవాడు సీలింగు వైపు చూపుడువేలు చూపించి. నాలుగంతస్తుల చదువునీ ఆ ఒక్క వేలు మీద నిలబెట్టేవాడు.

కొట్టులో కుర్చీ ఒకటే ఉండేది. అందులో గుడ్డ కప్పిన మానిటరొకటి మహారాజులా కూర్చునేది. ఆయన చచ్చిపోయిన సీపీయూ మీద కూర్చునేవాడు. వచ్చినవాళ్ళకి చచ్చిపోయిన యూపీఎస్ చూపించేవాడు. "కూసో సార్. దాంట్ల కరెంటు లేదు, ఫికర్ చెయ్యకు." మనం భయపడుతూనే కూర్చున్నాక మొదటి ప్రశ్న వచ్చేది. రోగం ఏమిటని అడగడం ఆయన పద్ధతి కాదు.

"ముందు చెప్పు. ఏం పీకినవ్?"

వచ్చిన ప్రతివాడూ ఒకటే జవాబు చెప్పేవాడు. "నేనేం చేయలేదు."

"ఏం చెయ్యకుంటేనే గిట్లయిందా? ఇగ చేస్తే ఎట్లుండునో," అని ఆయన పెట్టెకి చెవి ఆనించేవాడు. కళ్ళు మూసుకుని, లోపల ఫ్యాను తిరుగుతుంటే దాని సుఖదుఃఖాలు వింటున్నట్టు తలాడించేవాడు. డాక్టరైతే స్టెతస్కోపు పెడతాడు, ఈయన తలకాయే పెట్టేశాడని నేను మనసులో ఒక జోకు వేసుకున్నాను. మనసులో జోకులు వేసుకోవడం నాకు ఉద్యోగరీత్యా వచ్చిన అలవాటు. మాసబ్ ట్యాంకులో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. అక్కడ పైకి అనగలిగినవేవీ ఉండవు.

ఇంకొక సంగతి కూడా మొదటిరోజే కనిపెట్టి లోలోపల సంబరపడ్డాను. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు. తెలుగూ అంతంతమాత్రమే. తెర మీద వచ్చే హెచ్చరికల్ని ఆకారం చూసి పోల్చుకునేవాడు. "పసుపు త్రికోణమా, అది ఉత్తగనే మొరుగుతది. ఎర్ర గుండు వస్తే లేచి నిలవడాలె." ఇంగ్లీషులో నోట్ ఫైళ్ళు రాసి బతికే నేను, ఆ గుండు పక్కన ఏం రాసి ఉందో ఆయనకి అనువాదం చేసి పెట్టేవాణ్ణి. ఆయన మర్యాదగా వినేవాడు. విన్నాక నేను చెప్పినదానితో ఏ సంబంధమూ లేని ఏదో బటను నొక్కేవాడు. అది పనిచేసేది.

నేను ఆ మెట్లు దిగడానికి కారణం నా నోరు.

ఆరేళ్ళ కిందట పంజాగుట్ట సందులో ఉన్న మా చర్చికి కొత్త హాలు కట్టారు. గుమ్మం మీద చెక్క బోర్డు పెట్టాలని కమిటీలో అనుకున్నారు. 'ప్రార్థనా మందిరం' అని, అటూ ఇటూ ద్రాక్షతీగ. సుగుణమ్మ ఆంటీ లేచి, తన భర్త వాడిన టేకు బల్ల పైచెక్క ఇస్తానంది. ఆయన స్కూలు మాస్టారు, బతికినన్నాళ్ళూ ఆ బల్ల మీదే పేపర్లు దిద్దాడు. అందరి కళ్ళూ చెమర్చాయి. చెక్కేది ఎవరన్న ప్రశ్న వచ్చింది. కృష్ణానగర్‌లో సినిమా సెట్లకి పనిచేసే వడ్రంగి ఒకాయన ఉన్నాడని ఎవరో అంటున్నారు. కమిటీ సెక్రటరీగా మినిట్స్ రాసుకోవలసిన నేను పెన్ను పక్కన పెట్టి, "బయటివాళ్ళెందుకండీ, నా దగ్గర మెషీనుంది," అన్నాను.

ఉన్నమాట నిజం. మధురానగర్లో మా బాల్కనీలో, వీడియోలు చూసి ఏడాదిగా కడుతున్న సీఎన్‌సీ యంత్రం. కంప్యూటర్లో బొమ్మ గీసి ఇస్తే, మోటార్లు బిట్టుని, అంటే గిర్రున తిరుగుతూ కోసే మొనని, ఆ గీతల మీదే నడిపి చెక్కలో చెక్కేస్తాయి. డ్రాయరు చానెళ్ళు, పాత ప్రింటర్ల మోటార్లు, ప్లైవుడ్డు అన్నీ కుదిరాయి. ఒక్క లోటు, అది కదలదు. మా ఆవిడ దాని మీద తువాళ్ళు ఆరేసేది. "చెక్క చెక్కుతుందన్నారు, మన బాల్కనీ మాత్రం చెక్కేసింది," అనేది. ఇప్పుడు చెక్క చెక్కలేక నేనే ఎటైనా చెక్కేయవలసిన పరిస్థితి. ప్రతిష్ఠ ఆదివారానికి పది రోజులు. టేకు చెక్క ఒకటే. ఆ మాస్టారు మళ్ళీ వచ్చి ఇంకో బల్ల కొనడు.

నా కొత్త ల్యాప్‌టాపులో ఆ సాఫ్ట్‌వేరు ఎక్కుతుంది, తెరుచుకుంటుంది, 'డ్రైవర్ లేడు' అంటుంది. అమీర్‌పేటలో సగం మంది నేర్చుకునేది సాఫ్ట్‌వేరే కదా, ఎవరో ఒకరు చెప్పకపోతారా అని మూడు ఇన్‌స్టిట్యూట్ల మెట్లెక్కాను. మూడు చోట్లా ఫ్రీ డెమో క్లాసులో కూర్చోబెట్టారు. నాలుగో చోట వాచ్‌మన్ నా చేతిలోని వైర్లు చూసి జాలిపడి, "కిందికి పో సార్," అన్నాడు.

కింద ఆయన నా ల్యాప్‌టాపుని తిరగేసి, మరగేసి, అంచులు తడిమి చూశాడు.

"అన్నగారూ, డ్రైవర్ దొరకట్లేదండీ," అన్నాను.

"అన్న అను, లేకుంటే గారు అను. రెండూ ఎందుకు, నేనొక్కణ్ణే ఉన్న." ఆ రోజు నుంచి నా పేరు గారూ అయిపోయింది. "డ్రైవరెందుకు గారూ, దీనికి రోడ్డే లేదు. నీ మిషన్‌ది పాత ప్రింటర్ పోర్టు. ఇరవై అయిదు కాళ్ళుంటయ్. కొత్తవాటిల ఎక్కడుంటది? పోర్టులన్ని మీ ఆంధ్ర దిక్కేనాయె, వచ్చేటప్పుడు ఒక్కటి తెచ్చుకోవద్దా?"

పోర్టుని యూఎస్‌బీగా మార్చే కేబులు ఒకటి కొన్నానని గర్వంగా తీసి చూపించాను. దాన్ని రెండు వేళ్ళతో చచ్చిన బల్లిలా పట్టుకుని, పక్కనున్న అట్టపెట్టెలో వేశాడు. ఆ పెట్టె నిండా అలాంటి కేబుళ్ళే. నాకు ముందు ఎంతమంది గారూలు ఆ మెట్లు దిగారో అప్పుడు అర్థమైంది.

లోపల్నుంచి ఒక పాత సీపీయూ తీశాడు. వెనక ఆ ఇరవై అయిదు కాళ్ళ పోర్టు ఉంది. "కృష్ణానగర్ల ఎడిటింగ్ రూం నుంచి వచ్చింది. మస్తు సినిమాలు కట్ చేసింది. కట్ చేసుడు దీనికి కొత్త కాదు." దానిలో పాత ఆపరేటింగ్ సిస్టం వేశాడు, నా సాఫ్ట్‌వేరు వేశాడు, డ్రైవరు ఎక్కింది. ఎర్ర గుండు రాలేదు. తర్వాత ఆయన చేసిన పని ప్రపంచంలో ఏ ఇన్‌స్టిట్యూటూ నేర్పదు. పైపులు కారితే ప్లంబర్లు వాడే రెండు రంగుల సీలు ముద్ద తీసి, కలిపి పిసికి, సీపీయూ వెనక ఇంటర్నెట్ వైరు పెట్టే కన్నంలో కుక్కి, బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

"ఇదేంటండీ?"

"దీనికి నెట్ చూపియ్యొద్దు. నెట్ చూసిందంటే నేను సుత కొత్తగైతనంటది. తనంతల తానే మారుతది. మారితే నీ డ్రైవర్ పాయె. గది పాతగ ఉంటేనే నీకు పనికొస్తది. తెల్సిందా?"

తెలిసిందన్నాను. సీలు ముద్దతో సైబర్ భద్రత అని ఆఫీసులో నలుగురికి చెప్పి నవ్వించాను కూడా.

యంత్రం కదిలింది. మా ఆవిడ తువాళ్ళు తీసేసింది. ప్లైవుడ్డు ముక్క మీద ఒక వంకర పువ్వు చెక్కి, ఆ వారమంతా జేబులో పెట్టుకుని తిరిగాను.

శుక్రవారం సాయంత్రం తెలుగు అక్షరాల దగ్గరికి వచ్చాను. పాత సిస్టంలో నాకు నచ్చిన తెలుగు ఫాంటు లేదు. 'ప్రార్థనా మందిరం' అని కొడితే వరసగా డబ్బాలొచ్చాయి. డబ్బాలు చెక్కిన బోర్డు గుమ్మానికి పెడితే బాగుండదు. ఫాంటు దించుకోవాలంటే నెట్ కావాలి. నెట్ కన్నంలో సీలు. కానీ చదువుకున్నవాణ్ణి కదా, ఫోను యూఎస్‌బీకి తగిలించి నెట్ ఎక్కించాను. ముందు తలుపుకి తాళం వేసినాయన వెనక తలుపు మరిచిపోయాడని జాలిపడ్డాను. ఫాంటు వచ్చింది. దాని వెనకే ఇంకేవో వచ్చాయి. కంప్యూటరు తనను తాను బాగుచేసుకుంటున్నాననీ, దయచేసి ఆపవద్దనీ రాసింది. సర్కారు ఉద్యోగిని. రాతపూర్వకంగా కోరితే ఎవరినీ ఆపను.

శనివారం ఉదయం యంత్రం జ్వరమొచ్చినట్టు వణికి ఆగిపోయింది.

ఫోను చేస్తే ఆయన కొట్టు మూసి వచ్చాడు. శనివారం అంటే ఆ సెల్లారుకి జాతర రోజు. అది వదిలి, గోనెసంచిలో సామాన్లు వేసుకుని మా మూడంతస్తులెక్కాడు. సరిగ్గా ఆ సమయానికే సుగుణమ్మ ఆంటీ చెక్క తీసుకుని వచ్చి కూర్చుంది. పాత చీరలో చుట్టి, ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకుంది. "మా ఆయన చెయ్యి ఆనేచోట ఇదిగో నునుపు తేలింది చూడు నాయనా," అని చూపిస్తోంది.

ఆయన యంత్రం ముందు గొంతుక్కూర్చుని నావైపు చూశాడు.

"చెప్పు గారూ. ఏం పీకినవ్?"

ఆంటీ నన్నే చూస్తోంది. మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడింది. నేను కమిటీ సెక్రటరీని.

"నేనేం చేయలేదండీ," అన్నాను.

ఆయన 'ఇగ చేస్తే ఎట్లుండునో' అనలేదు. నమ్మాడు. నన్ను ఆ యూపీఎస్ మీద కూర్చునేవాళ్ళలో ఒకడిగా లెక్కపెట్టలేదని, అందుకే మామూలు వెటకారం చేయలేదని నాకు తర్వాత తట్టింది.

"సాఫ్ట్‌వేర్ ముట్టలేదంటే తప్పు వైర్లనే ఉండాలె," అని మొదలుపెట్టాడు. కేబులు మార్చాడు, వణికింది. తన సంచిలోంచి ఇంకో పవర్ సప్లై తీసి పెట్టాడు, వణికింది. మోటార్లు ఒక్కొక్కటే విప్పి, చెవి దగ్గర పెట్టుకుని, చేత్తో తిప్పి విన్నాడు. మోటార్లని నడిపే బోర్డు విప్పి, కాళ్ళన్నీ మళ్ళీ అతికించాడు. నేను ఏడాదిపాటు బిగించినవన్నీ ఒక్క పూటలో వార్తాపత్రికల మీద పరిచేశాడు. నేను స్క్రూలు అందిస్తూ, మధ్యమధ్య "వోల్టేజీ సమస్యేమోనండీ" అని సలహాలిస్తూ ఉన్నాను. దొంగ తానే టార్చిలైటు పట్టుకుని వెతికించినట్టు. మా ఆవిడ అన్నం తినమంటే, "కదిలినంక తింట చెల్లె," అన్నాడు. ఆంటీ చెక్క ఒళ్ళోంచి దించలేదు.

మూడు దాటాక, చేసేదేమీ మిగలక, తెర ముందు కూర్చుని కంప్యూటరుకి తగిలిన సామాన్ల జాబితా తెరిచాడు. అందులో అన్నిటికీ చిన్న చిన్న బొమ్మలుంటాయి. ఒక బొమ్మ దగ్గర ఆయన వేలు ఆగింది. బుల్లి ఫోను బొమ్మ, పక్కన ఇంగ్లీషులో నా పూర్తి పేరు. పేరు ఆయన చదవలేడు. బొమ్మ చదివాడు.

నావైపు తిరగలేదు.

"ఏమైంది నాయనా, దొరికిందా?" అంది ఆంటీ.

"దొరికిందమ్మా. మిషన్ జర భయపడ్డది, అంతే. ఇగ ఫికర్ లేదు," అన్నాడు. ఆవిడ కాఫీ తాగడానికి లోపలికి వెళ్ళేదాకా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "మిషన్ అబద్ధం చెప్పది గారూ. పచ్చగనో ఎర్రగనో, ఉన్నది చెప్తది. దాని మాట ఇడిసి పొద్దట్నించి నీ మాట విన్న. తప్పు నాదే."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లనైతే ఆఫీసు మెమోల్లా ఫైల్లో పెట్టేసి మరిచిపోగలను.

సిస్టం మళ్ళీ మొదట్నుంచి వేశాడు. ఫాంటు సంగతి నసుగుతూ చెప్పాను. "అక్షరం దానికెందుకు? గీత ఇయ్యి. నీ ల్యాప్‌టాప్ల అక్షరాలను గీతలు చేసి, పెన్ డ్రైవ్ల పట్టుకరా. గీత మీద పొమ్మంటే పోతది. దానికి చదువు రాదు, నాలెక్కనే." అరగంటలో అయ్యే పని. దానికోసం నేను నెట్ ఎక్కించి ఇంత ఊడబీకాను.

చెక్క బిగించి, నేను మీట నొక్కబోతే చెయ్యి పట్టుకున్నాడు. "మొదలు గాల్ల తిప్పు." బిట్టుని చెక్కకి ఇంచు పైకి లేపి, ఉత్తినే మొత్తం నడిపించాడు. నేను తెర మీద అక్షరాలు చదువుకుంటున్నాను, అన్నీ అద్భుతంగా ఉన్నాయి. ఆయన చెక్క అంచుకి కన్ను ఆనించి బిట్టు మొననే చూస్తున్నాడు.

"ఆపు. రెండుసార్లు చెక్క దాటి బయటికి పోయి వచ్చింది. ఏందో కిందికి కాళ్ళు వేలాడ్తున్నయ్."

ఇంగ్లీషు ఫైళ్ళ అలవాటు కొద్దీ నేను అక్షరం ఎత్తు కొలిచాను, వత్తులకి చోటు వదల్లేదు. ప్రా కింద ఒకటి, ర్థ కింద ఒకటి తెగి గాల్లో కలిసేవి. వత్తులు పోతే మిగిలేది 'పారనా మందిరం'. ఆ క్షణంలో నాకూ పారిపోవాలనే అనిపించింది. ఉన్నది ఒకటే చెక్క. మాస్టారు బతికినన్నాళ్ళూ పిల్లల వత్తులు దిద్దిన చెక్క. దాని మీద తప్పు చెక్కకుండా ఆపినవాడికి వత్తంటే ఏమిటో తెలియదు.

అక్షరాలు కాస్త కుదించాను. చీకటి పడకముందే బోర్డు పూర్తయింది. ఆంటీ పొట్టు ఊది, గీతల్లో వేలు పెట్టి మొత్తం రాసినట్టుగా తడిమింది. ఆయన అప్పుడు అన్నం తిన్నాడు. వెళ్ళేముందు మళ్ళీ ముద్ద పిసికి, పెన్ డ్రైవుకి ఒక్కటి వదిలి, మిగిలిన యూఎస్‌బీ కన్నాలన్నిటికీ సీలు కొట్టాడు. ప్రతిదాని మీదా బొటనవేలు నొక్కాడు. అవన్నీ నన్ను ఉద్దేశించి నొక్కినవే. "రేపు వీలైతే రండి," అన్నాను. మా ఆఫీసు భాషలో 'వీలైతే' అంటే రావద్దని మర్యాదగా చెప్పడం. ఆయనకి ఆఫీసు భాష రాకపోయినా ఇది అర్థమైంది. రాలేదు.

ఆదివారం ప్రతిష్ఠలో బోర్డు మీది గుడ్డ తీశారు. అందరూ ఆహా అన్నారు. పాస్టరుగారు నన్ను ముందుకి పిలిచి, సహోదరుడు తన చేతులతో చేసిన పరిచర్య అని మెచ్చుకుని మైకు ఇచ్చారు. చెప్పాలనే లేచాను. సెల్లారు, సీలు, శనివారం, అన్నీ వరసగా అనుకునే లేచాను. ఆంటీ ముందు వరసలో ఉంది. మైకులో నా గొంతు వినబడేసరికి నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"నేనేం చేయలేదండీ."

ఎంత వినయం, అన్నారు. చప్పట్లు కొట్టారు. నా జీవితంలో ఆ వాక్యం నిజమైంది ఆ ఒక్కసారే. దాన్నీ అబద్ధం కిందే వాడుకున్నాను.

తర్వాత ఆరేళ్ళలో యంత్రం ఒక్కసారీ మొరాయించలేదు, కనక నేను ఆ మెట్లూ దిగలేదు. ఎదురుగా మెట్రో దిగి ఎన్నోసార్లు అటు చూశాను. పనేమీ లేకుండా వెళ్తే ఏమంటాడు, యూపీఎస్ మీద కూర్చుని ఏం చెప్పను అనుకున్నాను. చివరికి సీపీయూ చచ్చి దారి చూపించింది.

ఫ్లెక్సీ దాటి కిందికి దిగాను. కొట్టు తెరిచే ఉంది. కుర్చీలో మానిటరు అలాగే ఉంది. సీపీయూ మీద కూర్చున్నాయన ఆయన తమ్ముడని పోలికే చెప్పింది. నా చేతిలోది అందుకుని, వెనక్కి తిప్పి, సీళ్ళ మీద ఆరిపోయిన వేలిముద్రల్ని చూశాడు. ఒకదాని మీద తన బొటనవేలు ఆనించాడు. సరిపోలేదు, ఆ ముద్రే కాస్త పెద్దది.

"మా అన్న పని," అన్నాడు. "వీటిని కదిలియ్య. పవర్ సప్లై మారుస్త." పెట్టె ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తి యూపీఎస్ చూపించాడు.

"కూసో సార్. ముందు చెప్పు. ఏం పీకినవ్?"

ఈసారి నిజంగానే ఏమీ చేయలేదు. దానంతట అదే పోయింది. "నేనేం..." దాకా వచ్చి ఆగాను.

"ఫోను తగిలించానండీ," అన్నాను. "నెట్ కోసం. మీ అన్న వద్దన్నా తగిలించి, ఏం చేయలేదని అబద్ధం చెప్పాను. పొద్దుట్నుంచి మూడింటిదాకా వెతికాడు. చర్చిలో కూడా ఆయన మాట ఎత్తలేదు."

అతను పెట్టెకి చెవి ఆనించబోయి ఆగాడు. "ఎప్పుడు?"

"ఆరేళ్ళ కిందట."

నన్ను ఎగాదిగా చూశాడు. స్క్రూడ్రైవరు అందుకుంటూ అన్నాడు.

"మస్తు టైం పట్టింది సార్, నీకు లోడ్ గానీకె."